నౌకాతూర్యము: బ్రిటిషు నౌకాసైన్య వాద్యబృందము, దాని సంప్రదాయము

సంప్రదాయశబ్దమునకు మూలమైన దాధాతువు ఇచ్చుట యను నర్థము గలది. గురువు శిష్యునకు ఇచ్చినది, ఆ శిష్యుఁడు తన శిష్యునకు ఇచ్చునది సంప్రదాయము. సంగీతవిషయమున ఈ శబ్దమును వాడునపుడు, ఇచ్చినవాఁడు ఎవఁడు, పాట యెక్కడ పుట్టినది యను ప్రశ్నలే మనకు ముందుగాఁ దోఁచును. గురుపరంపర, పాఠాంతరము, ముద్ర, ఇవన్నియు ఆ ప్రశ్నలకు సమాధానములే. అయితే పుట్టుకతో నిమిత్తము లేక, చేయు పనినిబట్టి మాత్రమే నిలిచిన సంగీతసంప్రదాయము ఒకటి కలదు. అది యుద్ధనౌకలయందలి వాద్యబృందములది. అట్టివానిలో దీర్ఘచరిత్ర గలది బ్రిటిషు నౌకాసైన్యపు బృందము. దీనిని నడపువారు రాయల్ మెరీన్లు అను నౌకాపదాతులు. భారత నౌకాదళపు వాద్యబృందము ఈ యొరవడిలోనే యేర్పడినది గావున మనకును ఈ విచారణతో సంబంధము లేకపోలేదు.

పేరునుగూర్చి ఒక మాట. 'బాండు' అనఁగానే మనవారికి పెండ్లి యూరేగింపు స్ఫురించును. అందుచేత దీనిని మంగళవాద్యమనుటకు మనసు పోవును. అది సరిగాదు. మంగళవాద్యమునకు వేళ కలదు గాని ఆజ్ఞ లేదు. ఇందు ఆజ్ఞయే ముందు. సమరవాద్యములకును చెల్లునట్టి తూర్యశబ్దము ఇచ్చట నెక్కువ యుచితము. కావున ఈ వ్యాసమున నౌకాతూర్యమనియే వ్యవహరించెదను.

మొదట బృందము లేదు. సంజ్ఞలు మాత్రమే యుండెను. తెరచాపలు గాలికిఁ గొట్టుకొనుచుండఁగా మనుష్యకంఠము ఎంతో దూరము వినఁబడదు. నావికుల మేస్త్రీ చిన్న సీటీ యూఁది పనులు చేయించెడివాఁడు. ఆ సీటీకి స్థాయిలు రెండే, హెచ్చు, తగ్గు. వానితోఁబాటు ఒక కంపితము. ఈ స్వల్పసామగ్రితోనే పడవ నెత్తుటకు, త్రాళ్లు లాగుటకు, భోజనమునకుఁ బిలుచుటకు వేర్వేఱు సంజ్ఞలు కల్పింపఁబడినవి. యుద్ధమునకు ఎవరి స్థానమున వారు నిలువుఁ డనుటకు మాత్రము డోలు వాడెడివారు.

ఆ డోలుదరువునకు బ్రిటిషు నౌకలలో ఆధారమైన పాట 'హార్ట్ ఆఫ్ ఓక్'. దీనికి వరుస కట్టినవాఁడు విలియం బాయిస్. మాటలు వ్రాసినవాఁడు ప్రసిద్ధనటుఁడగు డేవిడ్ గారిక్. 1759 డిసెంబరు 31వ తేదీని లండనులోని డ్రూరీలేను నాటకశాలలో ఒక వినోదరూపకమునందు ఇది మొదట పాడఁబడెను. ఆ సంవత్సరము బ్రిటిషువారికి విజయములు వరుసగా వచ్చినవి. ప్రేక్షకులను సంతోషపెట్టుటకు పాట కట్టఁబడెను. రంగస్థలముపై చప్పట్లకొఱకుఁ బుట్టిన పాట కొన్ని సంవత్సరములకు ఓడపై ఫిరంగులయొద్దకుఁ బరుగిడుమను ఆజ్ఞయయ్యెను. నేఁటికిని అది బ్రిటిషు నౌకాసైన్యమునకు అధికారికమైన కవాతుపాట. నాటకపుఁబాట యని దానిని తక్కువగాఁ జూచు నావికుఁడు ఒకఁడును లేఁడు.

బ్యూగిలునుగూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. సంగీతశాస్త్రజ్ఞులకు ఇందు విశేషము కలదు. అది వంచిన రాగిగొట్టము. వ్రేళ్లతో మూయుటకు రంధ్రములు లేవు, నొక్కుటకు మీటలు లేవు. పెదవుల బిగువును మార్చుటచేతనే స్వరము మాఱును. అట్లు లభించు స్వరములు మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము, అంతరగాంధారము, పంచమము, ఈ యైదే. స్థాయిభేదమును విడిచి చూచినచో స, గ, ప అను మూఁడు స్వరములు మాత్రమే. బాగుగా శ్రుతిచేసిన తంబురాలో షడ్జతంత్రిని మీటినపుడు పంచమమును అంతరగాంధారమును తమంతఁ దామే వినఁబడుట మన గాయకులు ఎఱిఁగినదే. తంత్రిలోఁ బుట్టు స్వయంభూస్వరములే గొట్టములోని గాలియందును బుట్టుచున్నవి. రిషభము లేదు, మధ్యమము లేదు, గమకము లేదు. రాగమునకు అవకాశమే లేదు. ఇఁక సంజ్ఞకును సంజ్ఞకును భేదము ఎట్లు కలుగవలెను? స్వరముల క్రమముచేతను లయచేతను మాత్రమే. నిదుర మేల్కొలుపు, అగ్నిప్రమాదసూచన, పతాకావరోహణము, మృతులకు వందనము, ఇవన్నియు ఆ మూఁడు స్వరముల కూర్పులే. నావికుఁడు నిద్రలోనున్నను తన్ను బిలుచు సంజ్ఞకు లేచును, తనది కానిదానికి లేవఁడు. రాగజ్ఞాన మేమియు లేనివానికి ఇంతటి శ్రుతిజ్ఞానము, లయజ్ఞానము అలవడుట ఆలోచింపఁదగిన విషయము. రాయల్ మెరీన్లలో బ్యూగిలు ఊఁదువాఁడే డోలును వాయించును. ఈ శాఖవారు తక్కిన వాద్యకారులనుండి వేఱుగా శిక్షితులగుదురు.

సంజ్ఞ తరువాత వచ్చినది శ్రమగీతము. లంగరు గొలుసును చుట్టు నిలువుమరకు కఱ్ఱలు దూర్చి పదులకొలఁది మనుష్యులు త్రోయుచుఁ దిరుగవలెను. వర్తకపు ఓడలలో ఈ పనికి పాట పాడుకొనెడివారు. మన తీరమునందలి జాలరులు వల లాగునపుడు ఒకఁడు పలుకఁగా తక్కినవారు 'హైలెస్సా' యని యందుకొనుట వంటిదే అది. కాని బ్రిటిషు యుద్ధనౌకలలో పాడుట నిషిద్ధము, ఆజ్ఞలు వినఁబడవలెను గావున. గొంతును నిషేధించినవారు తంత్రిని నిషేధింపలేదు. ఒకఁడు ఫిడేలుగాని చిన్న పిల్లనగ్రోవిగాని వాయించుచుండఁగా తక్కినవారు మౌనముగా అడుగులు కలిపి త్రోసెడివారు. పాట నోటిలో లేదు, పాదములలో నున్నది.

వినోదమునకును మర్యాదకును వలయు పూర్ణబృందములు వీనికి వేఱుగా వచ్చినవి. 16వ శతాబ్దమున భూప్రదక్షిణము చేసిన డ్రేకు తన యోడపై వాద్యకారులను గొనిపోయెను. జావాద్వీపపు రాజునకు వారి వాద్యము వినిపించినట్లు ఆ యాత్రావృత్తాంతము చెప్పుచున్నది. 18వ శతాబ్దమున, 19వ శతాబ్దమున చాలభాగము, ఓడపై వాద్యబృందముండుట కెప్టెను అభిరుచినిబట్టియు ధనమునుబట్టియు నుండెను. వాద్యకారులలో ఇటలీదేశస్థులు, మాల్టాద్వీపవాసులు పలువురు. 1805లో ట్రఫాల్గరు యుద్ధమునకు ఓడలు మెల్లగా సమీపించుచుండఁగా పెక్కింటిపై వాద్యములు మ్రోఁగినట్లు ఆ యుద్ధమునందున్నవారు వ్రాసియుంచిరి. ఆనాఁడు గాలి మందముగా నుండెను. శత్రువు ఫిరంగులు ముందు పేలుచుండఁగా బదులు పేల్చుటకు వీలులేక చాలసేపు వేచియుండవలసివచ్చెను. ఆ నిరీక్షణకాలమును నింపినది సంగీతము. దానిని వినోదమనఁగలమా?

వాద్యములలోను ఎరవు సొమ్ము మెండు. పెద్దడోలు, కంచుతాళములు 18వ శతాబ్దమున ఐరోపావారు తురుష్కుల జానిసరీ సైన్యపు వాద్యమునుండి గైకొనినవి. అంతకు మున్నే క్రూసేడు యుద్ధముల మూలమున జోడునగారాలు పడమటికిఁ జేరినవి; ప్రాఁత యాంగ్లమున వానిని 'నేకరు'లనిరి. అది అరబ్బీ 'నక్కారా' శబ్దమే. మన తెలుఁగు నగారాయు దాని రూపమే గావున ఈ రెండు మాటలును జ్ఞాతులు.

నౌకాపదాతుల చరిత్ర 1664 అక్టోబరు 28వ తేదీతో మొదలగును. ఆనాఁడు నౌకాధిపతియగు యార్కు ప్రభువు పేర 1200 మందితో ఒక దళము ఏర్పాటయ్యెను. అందు డోలు వాయించువారు ఆదినుండియుఁ గలరు. 1755లో ఈ సైన్యము చాతాము, పోర్ట్సుమత్తు, ప్లిమత్తు అను మూఁడు రేవులలో స్థిరపడెను. 1802లో రాయల్ అను బిరుదము వచ్చెను. 1903లో పోర్ట్సుమత్తు దగ్గఱ ఈస్ట్నీయందు నౌకాసంగీతపాఠశాల స్థాపింపఁబడి, ఓడలయందలి బృందములను సమకూర్చు భారము మెరీన్లదయ్యెను. కెప్టెనుల ధనముపై నాధారపడు పద్ధతి దీనితో అంతరించెను. 1950లో రేవుల బృందములును పాఠశాలయు ఒక్క శాఖగాఁ గలిసినవి. పాఠశాల డీలు పట్టణమునకు మాఱి, 1996లో మఱల పోర్ట్సుమత్తు చేరెను.

ఈ పాఠశాల శిక్షణలో ప్రధానలక్షణము ఒకటి కలదు. భరతాదులు వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెఱఁగులుగా విభజించిరి. నడచుచు వాయించు బృందమున తతమునకు చోటులేదు. ఫిడేలుతంత్రి వానకు నిలువదు, కవాతునకుఁ దగిన ధ్వని దానికి లేదు. కాని ఓడపై బృందము ఉదయమున పతాకవందనమునకు నిలిచి, రాత్రి అధికారుల భోజనశాలలో మృదువుగా వాయింపవలెను. ఓడపైఁ జోటు తక్కువ. ఇద్దఱిని పెట్టుకొను వీలులేదు. కావున ఒక్కఁడే పగలు క్లారినెట్టో ట్రాంబోనో ఊఁది, రాత్రి ఫిడేలు పట్టవలసివచ్చెను. ఊఁదునది ఒకటి, కమానుతో వాయించునది ఒకటి నేర్చుకొనుట ఇట్లు ఆచారమయ్యెను. నేఁటికిని ఆ పాఠశాలలో తఱచుగా ఇట్లే నేర్పుదురు. ఇరుకుతనమే ఇందు శాస్త్రకారుఁడు.

కవాతుపాటల సంగతి చూడుఁడు. మెరీన్ల త్వరితగతికి 1882లో అంగీకరింపఁబడిన పాట 'ఎ లైఫ్ ఆన్ ది ఓషన్ వేవ్'. దాని సాహిత్యము ఎపెస్ సార్జెంటను అమెరికాకవిది, వరుస హెన్రీ రసెలను ఆంగ్లగాయకునిది. బృందమునకు అనువుగాఁ గూర్చినవాఁడు చాతాము బృందనాయకుఁడగు కాప్పే, జర్మనీదేశమునఁ బుట్టినవాఁడు. మందగతికి 1964లో త్రిశతజయంతి సందర్భమున గైకొనినది రష్యా చక్రవర్తుల అంగరక్షకసైన్యపు పాటయగు 'ప్రియోబ్రజెన్స్కీ'. దానిని సమర్పించినవాఁడు మన దేశమునకు కడపటి వైస్రాయిగా నుండిన మౌంటుబాటను. వీరి కమాండో శాఖ 1952లో స్వీకరించిన 'సారీ మరే' దక్షిణాఫ్రికాలో బ్రిటిషువారితోఁ బోరాడిన బోయరుల పాట. శత్రువు పాట పాడుచు నడచుటకు వీరికి సంకోచము లేదు. పుట్టుకయే సంప్రదాయమైనచో ఈ బృందమునకు సంప్రదాయమే లేదని చెప్పవలసివచ్చును.

సొంతవాగ్గేయకారులు లేకపోలేదు. కెన్నెత్ ఆల్ఫర్డు అను పేర ప్రసిద్ధుఁడైన ఫ్రెడరిక్ జోసెఫ్ రికెట్సు 1927 నుండి 1944 దాఁక మెరీన్లయొద్ద బృందనాయకుఁడు. అంతకుముందు భూసైన్యముననుండి 1914లో వ్రాసిన 'కర్నల్ బోగీ' లోకమంతయు వ్యాపించెను. గోల్ఫు ఆడు అధికారి యొకఁడు బంతి వచ్చుచున్నదని కేకవేయుటకు బదులు రెండు స్వరములు ఈలవేసెడివాఁడనియు, వానినుండియే ఈ పాట పుట్టెననియుఁ జెప్పుదురు. ఆ రెండు స్వరములు పంచమమునుండి అంతరగాంధారమునకు దిగుటయే. మాఱుపేరు పెట్టుకొనుటకు కారణము, కొలువులోనున్న బృందనాయకుఁడు బయట రచనావ్యాపారము చేయుట పైయధికారులకు రుచింపకుండుట. మన పదకర్తలు తమ్ముఁ జూపుటకు ముద్ర వేసిరి. ఇతఁడు తన్ను దాఁచుకొనుటకు ముద్ర వేసెను.

ఇంతవఱకుఁ జెప్పినది డెక్కుపై వినఁబడు తూర్యము. యుద్ధకాలమున ఈ వాద్యకారులు ఏమి చేయుదురను ప్రశ్నకు సమాధానము డెక్కునకు చాల క్రిందఁ గలదు. మొదటి ప్రపంచయుద్ధమునాఁటికే పెద్దఫిరంగుల గుఱి కంటితోఁ జూచి పెట్టునది గాక లెక్క కట్టి పెట్టునది యయ్యెను. తనయోడ వేగము, శత్రునౌక వేగము, దిక్కు, దూరము, గాలి, గుండు గాలిలోనుండు కాలము, ఇవన్నియు క్షణక్షణము మాఱుచుండును. వీనిని గూర్చి లెక్క తేల్చు గొప్పయంత్రము ఓడయడుగున, ఉక్కుతొడుగు క్రింద ఒక గదిలో నుండెడిది. దానిచుట్టు మనుష్యులు కూర్చుండి, తమ యెదుటి ముల్లు కదలినకొలఁది పిడిని త్రిప్పి దానిని వెంబడింపవలెను. ఒకఁడు వెనుకఁబడినను ఒకఁడు ముందుపడినను గుండు సముద్రముపాలు. ఎదుటి గుఱుతుపై చూపు నిలిపి, ప్రక్కవారితోఁ గాలము తప్పక, తన పాలు మాత్రము తాను నెరవేర్చు అభ్యాసము ఓడపై ఎవరికిఁ గలదు? వాద్యకారులకే. ఆ గదిలో వారిని నియమించిరి. నాయకుని కఱ్ఱనుజూచి కలిసి వాయించువారు ముల్లునుజూచి కలిసి పిడి త్రిప్పిరి.

ఫలము దారుణము. ఆ గదిపైఁ గవాటములు బిగింపఁబడియుండును. ఓడ మునుఁగునపుడు అంత లోతునుండి వెలువడుట దాదాపు అసంభవము. 1941 మే 24వ తేదీని ఐస్లాండు, గ్రీన్లాండుల నడుమ సముద్రమున 'హుడ్' అను నౌక పేలి మునిఁగెను. అందున్న 1418 మందిలో బ్రతికినవారు ముగ్గురు. వారిలో వాద్యకారుఁడు లేఁడు. రెండవ ప్రపంచయుద్ధమున మడిసిన మెరీను వాద్యకారులు 200లకు మించిరి. ఉన్నవారిలో నాలుగింట ఒకపాలు పోయిరన్నమాట. సైన్యమున వాద్యకారుఁడు అలంకారమాత్రుఁడని పలుకువారు ఈ లెక్కను చూడవలెను.

యంత్రములు మాఱినవి, ఆ గదులు నేఁడు లేవు. వాద్యకారునకు రెండవపని మాత్రము నిలిచినది. 1982లో ఫాక్లండు దీవుల యుద్ధమున వీరు 'కాన్బెర్రా' నౌకపై గాయపడినవారిని మోసిరి, పరిచర్య చేసిరి. 1989 సెప్టెంబరు 22వ తేదీని డీలు పాఠశాలలో ఐరిషు విప్లవకారుల బాంబు పేలి 11 మంది వాద్యకారులు మరణించిరి. వారము దాఁటిన పిమ్మట బృందము డీలువీథులలో కవాతు చేసెను. మృతులు నడువవలసిన చోటులను పూరింపక, వరుసలలో ఖాళీగా విడిచి నడచిరి. వాద్యశాస్త్రమున విరామమునకుఁ గల స్థానమును దీనికంటె స్పష్టముగాఁ జూపుట కష్టము.

ఇఁక మన దేశమునకు వత్తము. బ్రిటిషు యుద్ధనౌకపై ప్రతిదినము ఉదయమున పతాక నెత్తునపుడు బృందమున్నచో వారి రాజగీతమును వాయింతురు. రేవులో పరదేశపు యుద్ధనౌకలున్నచో తరువాత వారి గీతములను గూడ వాయింతురు. ఈ రాజగీతమే కుంపిణీవారి భూసైన్యపు వాద్యములద్వారా మద్రాసు కోటలో మ్రోఁగి, బాలుఁడగు ముత్తుస్వామి దీక్షితుని చెవిఁ బడెను. ఆయన ఇట్టి పాశ్చాత్యపు వరుసలకు శంకరాభరణమున సంస్కృతసాహిత్యము గూర్చెను, వానినే నోటుస్వరములందుము. రాజగీతపు వరుసకు వ్రాసినది 'సంతతం పాహిమాం' అను శ్యామలాస్తుతి. 1904లో ఎట్టయాపురమునుండి తెలుఁగు లిపిలో వెలువడిన సంగీతసంప్రదాయప్రదర్శినియొక్క అనుబంధమున ఇట్టివి కలవు. గ్రంథనామమును గమనింపుఁడు. పరదేశపు బాండువరుసలను సంప్రదాయప్రదర్శినిలోఁ జేర్చుటకు సుబ్బరామదీక్షితులకు ఆక్షేపణ కనఁబడలేదు. వరుస అదియే, పని మాఱినది. రాజునకు ఆయుష్షు కోరుట పోయి అమ్మవారి యుపాసన వచ్చినది.

భారత నౌకాదళపు వాద్యబృందము 1945లో, అది రాయల్ ఇండియన్ నేవీగా నుండిన కాలమున, ఏర్పడెను. వాద్యములు, వరుసలు నిలుచు తీరు, సంధ్యావేళ పతాకావరోహణము, ఇవన్నియు పైఁజెప్పిన పద్ధతినుండి వచ్చినవే. గణతంత్రదినోత్సవములకు ముగింపుగా జనవరి 29వ తేదీని ఢిల్లీలో త్రివిధసైన్యముల బృందములు కలిసి వాయించు ఉత్సవమున చిరకాలము 'అబైడ్ విత్ మీ' అను క్రైస్తవప్రార్థన వినఁబడెను. 1847లో హెన్రీ ఫ్రాన్సిస్ లైటు వ్రాసినది; గాంధీమహాత్మునకుఁ బ్రియమైనది. 2022లో దానిని తొలఁగించి, కవి ప్రదీపు వ్రాయఁగా సి. రామచంద్ర వరుస కట్టిన 'ఐ మేరే వతన్ కే లోగో' పాటను ఉంచిరి. వాదోపవాదములు చెలరేఁగినవి. పాట పరదేశపుదని ఒకరు, గాంధీకిఁ బ్రియమైనదని ఒకరు. ఇరువురును పుట్టుకనుగూర్చియో అభిమానమునుగూర్చియో మాటలాడిరి గాని, ఆ పాట అచ్చట చేయుచుండిన పనిని విచారించినవారు తక్కువ. సాయంకాలమున పతాక దిగుటకు ముందు డోళ్లు ఆఁగవలెను, లయ నెమ్మదింపవలెను, వినువారి చూపు వాద్యకారులనుండి పతాకవైపు మరలవలెను. క్రొత్తపాట మృతవీరులను స్మరించునది గావున భావమున లోపము లేదు. గమనమున అది ప్రాఁతపాటవలె సభను నిశ్శబ్దపఱచునా యనునది చెవితో తేల్చుకొనవలసిన సంగతి. నా చెవికి ప్రార్థనయొక్క ప్లుతము ఆ నిమిషమున కెక్కువ తగియుండెను. ఇతరులకు వేఱుగాఁ దోఁపవచ్చును.

తూర్పు నౌకాదళమునకు 1968 నుండి విశాఖపట్టణమే ప్రధానస్థానము. డిసెంబరు 4వ తేదీకి వచ్చు నౌకాదళ దినోత్సవ సందర్భమున అచ్చటి సముద్రతీరమున బృందము ప్రజలయెదుట వాయించుట, సూర్యాస్తమయమున పతాక దించుట తఱచు జరుగును. పాఠశాలబాలురను వెంటఁ గొనిపోవు పండితులు మొదట బ్యూగిలును విననిచ్చి, స, గ, ప లను గుర్తింపుఁ డని అడుగుదురు గాక. పిదప బృందములోని వాద్యములను భరతుని నాలుగు తెఱఁగులలోఁ జేర్పింపవచ్చును. కంచుతాళముల దగ్గఱను పెద్దడోలు దగ్గఱను తురుష్కుల ముచ్చట చెప్పుటకు సందు దొరకును. ఆ రోజున తతము మాత్రము కనఁబడదు, అది రాత్రి భోజనశాలలోనిది.